ఫిబ్రవరి ముప్పై దాకా సెలవు

పాలమూరు,
3-2-1988.

తమ్ముడు సైదులుకు,

ఆదివారం నువ్వు బస్సెక్కి పోయిన తర్వాత పక్క దులుపుతుంటే నీ మంచం కింద నీ చెప్పులు కనిపించాయి. మరి కాళ్లకు ఏం తొడుక్కొని పోయావు? పక్క మంచం ముసలాయన తన చెప్పులు పోయాయని పొద్దటి నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. నీవి చూపిస్తే ‘గివి నాయి కావు, నాయి కొత్తయి’ అంటాడు. వచ్చే పోయే వాళ్లెవరైనా ఉంటే ఆయనవి పంపు.

నీ సర్టిఫికెట్ ఈ కవరులో పెట్టాను. పారేసుకోకు. డాక్టర్ అమరేందర్ సారు పదిహేను రోజులు చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. నువ్వు పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఏట్లోకి దిగి కొలతరాయి మీద నీళ్లు ఎంతదాకా ఉన్నాయో చూసి రాసేవాడివి. కామెర్లు తగ్గీ తగ్గకముందే ఆ నీళ్లలో నిలబడితే మళ్లీ ఇక్కడికే వస్తావు. పద్నాలుగేండ్లుగా ఈ దవాఖానలో ఆయాగా చేస్తున్నాను. తిరిగి వచ్చిన కామెర్లను చూశాను. అందుకే సారు బల్ల ముందు నుంచి కదలలేదు.

‘సారూ, ముప్పై రోజులు పూరాగ రాయుండ్రి. ఒక్కటి తక్కువైనా వాడు ఆగడు.’

‘సరే తీయ్. ఫిబ్రవరి ఒకటి నుంచి ముప్పై రాసిన. ఖుషేనా?’ అని సంతకం పెట్టి నా చేతిలో పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది కాబట్టి నేను చదవలేను. ముద్ర మాత్రం బాగా పడింది.

మీ నీటి కొలతల ఆఫీసులో తొమ్మిదేండ్లు టెంపరరీగా చేసినవాళ్లను ఇప్పుడు పర్మినెంట్ చేస్తారని, మార్చి ముప్పై ఒకటి నాడు డ్యూటీలో ఉన్నవాళ్ల పేర్లే ఆ లిస్టులోకి పోతాయని చెప్పావు కదా. మార్చి మొదటి రోజే చేరితే నెల రోజులు చేతిలో ఉంటాయి. ఏం ఫికర్ లేదు.

సెలవు అయ్యేదాకా ఉప్పు, కారం, నూనె బంద్. ఈ మాట నువ్వు మా మరదలు బిక్షమ్మకు చదివి వినిపించవని నాకు తెలుసు. అందుకే వేరే కాగితం మీద రాసి, ఆమె పేరు పైన పెట్టి మడిచాను.

మీ అక్క,
ఉప్పలమ్మ.


కొల్లాపూర్,
2-3-1988.

అక్కకు,

నా కండ్లు తెల్లగా ఉన్నాయి. ఇది ముందే రాస్తున్నాను. ఎందుకంటే కింద రాసింది చదివితే నువ్వు ఇంకోలా అనుకుంటావు.

నిన్న గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని ఆఫీసుకు పోయాను. మా హెడ్ క్లర్క్ అహ్మద్ అలీ సాబ్ నవ్వుతూనే ‘ఆవ్, రా సైదులూ’ అన్నాడు. ఫైలు తీశాడు. నువ్వు పంపిన సర్టిఫికెట్ తీసి, కండ్లద్దాలు తుడుచుకొని చదివాడు. మళ్లీ తుడుచుకొని మళ్లీ చదివాడు.

‘నీ సెలవు ఎప్పటిదాక?’

‘నెల రోజులు సాబ్. నిన్నటితోని అయిపోయింది.’

‘నిన్న ఏం తారీఖు?’

‘ఇరవై తొమ్మిది.’

‘కాగితంల ముప్పై దాక అని ఉన్నది. ఇంకొక్క రోజున్నది నీకు.’

‘అయితే రేపు వస్త సాబ్.’

‘రేపు మార్చి రెండు. ఫిబ్రవరి ముప్పై ఎప్పుడు?’

‘ఫిబ్రవరి ముప్పై యాడ ఉంటది సాబ్?’

‘నేను గూడ గదే అడుగుతున్న’ అన్నాడు.

అక్కా, ఆయన ఎగతాళి చేయలేదు. నిజంగానే బాధపడుతున్నాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. ఒకటో తారీఖు నుంచి ముప్పై రోజులంటే మార్చి ఒకటితో అయిపోతాయి, రెండున చేర్చుకోండి అన్నాను. ‘కాగితంల ముప్పై రోజులు అని ఉంటే అట్లనే చేద్దును. ముప్పై తారీఖు అని ఉన్నది. ఆ తారీఖు దాటాలె. దాటితేనే నీకు నయమైనట్టు’ అన్నాడు.

ఇంతలో ఆయనకు ఇంకొకటి గుర్తుకొచ్చింది. సెలవు అయిపోలేదంటే నేను ఇంకా రోగినే. రోగి ఆఫీసులో నిలబడకూడదు, కామెర్లు అంటుకుంటాయని నన్ను బయటికి పంపాడు. వేపచెట్టు కింద కూర్చున్నాను. ఆఫీసు ఊడ్చే చోటే మియా కిటికీలోంచి చాయ్ ఇచ్చాడు. డబ్బులు అహ్మద్ అలీ సాబే ఇచ్చాడట. మనిషి చెడ్డవాడు కాదు.

డాక్టర్ సారుతో ఇంకొక కాగితం రాయించి పంపు. ముసలాయన చెప్పులు పంపుదామంటే బిక్షమ్మ అవి తొడుక్కొని కలుపు తీయను పోయింది.

తమ్ముడు,
సైదులు.


పాలమూరు,
6-3-1988.

సైదులూ,

కండ్లు తెల్లగా ఉన్నవాడు కండ్లు తెల్లగా ఉన్నాయని రాయడు. జ్వరం లేనివాడు జ్వరం లేదని జాబు మొదలుపెడతాడా? నీ జాబు అందుకున్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆఫీసువాళ్లు నీ మొఖం చూసి ఇంకా నయం కాలేదని తెలుసుకొని, నీకు చెప్పలేక ఏదో తారీఖు సాకు పెట్టి ఉంటారు. పెద్దమనుషులు అట్లనే చేస్తారు. చాయ్ కూడా పోయించాడంటున్నావు. బాగున్నవాడికి ఎవరు పోయిస్తారు?

అయినా మీ బావను క్యాలెండర్ చూడమన్నాను. గోడ మీది నుంచి తీసి, ఫిబ్రవరి కాగితం వెనక్కు తిప్పి కూడా చూశాడు. లేదు. ‘మామూలుగ ఇరవై ఎనిమిదే. ఈ ఏడు లీపు గాబట్టి ఒకటి కలిసింది. రెండు కలిసే ఏడు ఎప్పుడొస్తదో అడిగి చెప్త’ అన్నాడు. ఆయన మాట పట్టించుకోకు.

అమరేందర్ సారు బీదర్‌లో బిడ్డ కాన్పు ఉందని పోయాడు. పన్నెండో తారీఖుకు వస్తాడు. వచ్చిన పూటే అడుగుతాను.

అప్పటిదాకా మంచం దిగకు. నేల ఉసిరి ఆకు ఎండబెట్టి పంపుతున్నాను. పరగడుపున మజ్జిగలో కలిపి తాగు. సెలవు ఇంకా ఉంది కాబట్టి ఉప్పు కారం సంగతి అట్లనే ఉండనీయమని బిక్షమ్మకు మళ్లీ వేరే కాగితం రాశాను.

పగటిపూట గదిలో దీపం పెట్టి అద్దంలో కండ్లు చూసుకో. ఎండలో చూస్తే తెలియదు.

అక్క.


కొల్లాపూర్,
10-3-1988.

అక్కకు,

నీ కాగితం చూపించి బిక్షమ్మ నాకు సోలెడు జావ పోసింది. నలభై రోజులైంది అక్కా నోట్లో ఉప్పు పడక. ‘వదినె సెలవు అయ్యేదాక అన్నది. నీ సెలవు అయిందా?’ అంటుంది. అయిందని అంటే ‘మరి నౌకరికెందుకు పోతలేవు?’ అంటుంది. అహ్మద్ అలీ సాబ్ కన్నా ఈమే ఎక్కువ.

నాకేం జబ్బు లేదని నీకు ఎట్లా చెప్పాలి? ఇది చదువు. ఫిబ్రవరికి పెట్టుకున్న మనిషిని తీసేసి, ఒకటో తారీఖు నుంచి నా బదులు కొలత చూడటానికి చోటే మియాను పంపుతున్నారు. పాపం ఆయనకు ఏరంటే భయం. చిన్నప్పుడు పుట్టి పడవ మీద పోతుంటే మునిగిందట. పైగా జానెడు దూరం దాటితే చూపు ఆనదు. రోజూ రెండు పూటలు సైకిల్ మీద మా గడప దాకా వచ్చి బెల్లు కొడతాడు.

‘సైదులు భయ్యా, నీళ్లు ఎంతకొచ్చినయి?’

నేను పోయి, ఏట్లోకి దిగి, రాయి మీది అంకె చూసి వచ్చి చెబుతాను. ఆయన రాసుకొని సంతకం పెట్టుకొని పోతాడు. ఎండాకాలం కదా, నీళ్లు రోజుకింత దిగిపోతున్నాయి. లోపలికి చాలా దూరం నడవాలి. నేను డ్యూటీలో ఉన్నప్పుడు కూడా ఇంత పని చేయలేదు. ఇప్పుడు చెప్పు, ఇది రోగి చేసే పనేనా?

మొన్న చోటే మియా మనసులో దాచుకోలేక ఈ సంగతి సాబ్‌తో చెప్పేశాడు. సాబ్ రిజిస్టర్ మూసి ‘రోగి చూసిన కొలత చెల్లదు’ అన్నాడట. పది రోజుల కొలతలు పోతాయేమోనని ఇద్దరికీ చెమటలు పట్టాయట. చివరికి సాబే అడిగాడట.

‘చోటే మియా, సైదులు చూసి వస్తుంటే నువ్వు సైదులును చూసినవా?’

‘చూసిన సాబ్.’

‘అయితే సరే. నువ్వు చూసినట్టే.’

నెలాఖరుకు ఇరవై రోజులే ఉన్నాయి. ఇంకొక మాట. మార్చి ముప్పై ఒకటికే అహ్మద్ అలీ సాబ్ రిటైర్ అవుతున్నాడు. తర్వాత వచ్చేవాడు ఈ ఫైలు చూస్తే భయపడి హైదరాబాదుకు పంపుతాడని చోటే మియా అంటున్నాడు. అక్కడికి పోయిన ఫైలు ఇంతవరకు తిరిగి రాలేదు. తొమ్మిదేండ్లు నీళ్లలో నిలబడ్డాను అక్కా. డాక్టర్ సారును జర గట్టిగా అడుగు.

సైదులు.


పాలమూరు,
14-3-1988.

తమ్మీ,

డాక్టర్ సారు వచ్చాడు. మనుమడు పుట్టాడట. మిఠాయి తిని, చేతులు కడుక్కొని, అప్పుడు అడిగాను. ‘సారూ, ఫిబ్రవరిల ముప్పై లేదట.’

సారు మొఖం ఎర్రబడింది. క్యాలెండర్ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

‘ఉప్పలమ్మా, ముప్పై రాయమన్నది ఎవరు?’

‘నేనే సారూ.’

‘పదిహేను చాలన్నది ఎవరు?’

‘మీరే సారూ.’

‘మరి? ఇప్పుడు ఇరవై తొమ్మిదని దిద్దితే, ఒక్క రోజు రోగం నేను దాచినట్టయితది. నా బుక్కుల గూడ గదే ఎక్కింది. నేను ఒకసారి రాసిన సర్టిఫికెట్ ఇరవై రెండేండ్లల్ల దిద్దలే.’

నేను బల్ల ముందు నుంచి కదలలేదు. నా సంగతి నీకు తెలుసు కదా. రోగులంతా గుమిగూడారు. పక్క మంచం ముసలాయన ‘నా చెప్పుల సంగతి గూడ రాయించు’ అన్నాడు. చివరికి సారు విసుగెత్తి కలం తీశాడు. దిద్దను గానీ, నయమైందని కొత్త సర్టిఫికెట్ రాస్తానన్నాడు. రాశాడు కూడా. ‘మొదటి కాగితానికి గిది సరిగ్గ అతుకుతది. ఎవడూ ఏమనలేడు’ అన్నాడు. ఇందులో పెట్టాను.

ఈసారి ఊరుకోలేదు. కంపౌండర్‌తో చదివించాను. సైదులుకు నయమైంది, డ్యూటీ చేయవచ్చును అని స్పష్టంగా ఉందట. ఎప్పటి నుంచి అని అడిగాను. ‘ఫిబ్రవరి ముప్పై ఒకటి నుంచి’ అని చదివి ఆయన ఎందుకో లోపలికి పోయాడు. ముప్పై తర్వాత ముప్పై ఒకటే కదా. నాకు సరిగ్గానే అనిపించింది. రాత్రి పడుకున్న తర్వాత అనుమానం వచ్చింది. మళ్లీ అడిగితే సారు ఇంక కలం పట్టనన్నాడు, అందుకే ఇదే పంపుతున్నాను.

ఏట్లోకి దిగుతున్నావని రాశావు. దిగకు.

అక్క.


కొల్లాపూర్,
18-3-1988, ఉగాది.

అక్కకు,

నిన్న నీ కవరు పట్టుకొని ఆఫీసుకు పోయాను. లోపలికి రానీయరు కాబట్టి కిటికీ ఊచల్లోంచి ఇచ్చాను. అహ్మద్ అలీ సాబ్ చదివి చాలా సంతోషపడ్డాడు.

‘చూసినవా! ఇప్పుడు అంతా సాఫ్ అయింది. ముప్పై దాక రోగం. ముప్పై ఒకటి నుంచి నయం. ఫిబ్రవరి ముప్పై ఒకటి పొద్దున వచ్చి జాయిన్ గా.’

‘ఎప్పుడు రావాలె సాబ్?’

‘చెప్పిన గదా’ అన్నాడు. అని, తను అన్నది తనకే వినిపించినట్టు ఆగిపోయాడు. ‘సైదులూ, ముప్పై మూడేండ్ల సర్వీసుల నా చేతి మీద ఒక్క తారీఖు తప్పు పోలే. పోయేటప్పుడు నువ్వు దొరికినవు నాకు’ అన్నాడు. నాకే ఆయన మీద జాలేసింది.

తర్వాత డాక్టర్ ముప్పై ఎందుకు రాశాడని అడిగాడు. మా అక్క రాయించిందని చెప్పాను. ‘పేరు?’ అన్నాడు. ఉప్పలమ్మ అన్నాను. ‘ఎక్కడ పనిచేస్తది?’ అన్నాడు. అది కూడా చెప్పాను. రాసుకున్నాడు. ఎందుకో తెలియదు. నీకు శుభాకాంక్షలు పంపడానికేమో. మనిషి మర్యాద తెలిసినవాడు.

ఈ రోజు పండుగ. బిక్షమ్మ పచ్చడి చేసింది. ఇంటింటికీ గ్లాసులతో పంచింది. నాకు వేరే చిప్పలో కలిపింది. అందులో బెల్లం ఉంది, చింతపండు ఉంది, మామిడికాయ ఉంది, వేపపువ్వు ఎక్కువే ఉంది. ఉప్పు లేదు, కారం లేదు. ఆమె ముందరనే కూర్చొని తాగాను.

సైదులు.


పాలమూరు,
23-3-1988.

సైదులుకు,

దీవెన గీవెన ఏం లేదు.

నిన్న పోస్టుమ్యాన్ దవాఖానకు వచ్చి నా పేరు మీద సర్కారు కవరు ఇచ్చాడు. రిజిస్టర్ పోస్టు. అందరి ముందు వేలిముద్రా సంతకమా అని అడిగాడు. సంతకమే పెట్టాను. లోపల మీ ఆఫీసు కాగితం. కంపౌండర్ చదివి తెలుగులో చెప్పాడు. ‘నీటి కొలతలు చూసే టెంపరరీ సైదులు అనారోగ్యమును ఫిబ్రవరి ముప్పై వరకు పొడిగింపజేసిన ఉప్పలమ్మ, తానట్లు చేసిన కారణమును ఏడు దినములలో తెలుపవలెను.’

పద్నాలుగేండ్లలో నా పేరు మీద ఒక్క కాగితం లేదు. వార్డులో గ్లాసు పగిలితే కూడా నా పేరు రాలేదు. ఇప్పుడు ఆయాలంతా నేను ఏదో దొంగతనం చేసినట్టు చూస్తున్నారు. డాక్టర్ సారు ‘నా పేరు తీయకు’ అని పక్కకు తప్పుకున్నాడు. ముసలాయన ఒక్కడే ‘బిడ్డా, నా చెప్పుల గురించా?’ అని అడిగాడు.

తమ్ముణ్ని బతికించుకున్నందుకు నేను సంజాయిషీ చెప్పాలా? నా పేరు వాళ్లకు ఎవరు చెప్పారు? నువ్వే. శుభాకాంక్షలు పంపుతాడనుకున్నావా? నీకు కామెర్లు కండ్లకు వచ్చాయో తలకు వచ్చాయో నాకు తెలియడం లేదు.

జవాబు కాగితం మీద రాయను. నోటితో చెబుతాను. శనివారానికి సెలవు అడిగాను. ఇన్నేండ్లలో మొదటిసారి. ఒక్క రోజే అడిగాను, తారీఖు మూడుసార్లు చెప్పి, నా కండ్ల ముందు రాయించుకున్నాను. మొదటి బస్సుకు వస్తున్నాను. నువ్వు ఇంటి దగ్గరే ఉండు, ఇద్దరం ఆఫీసుకు పోదాం.

ఉప్పలమ్మ.


పాలమూరు,
27-3-1988.

తమ్ముడు సైదులుకు,

నిన్న ఆఫీసు పని అయ్యాక మాట్లాడే టైం దొరకలేదు. నేను ఆఫీసులోంచి బయటికి వచ్చేసరికి బస్సు కదులుతోంది. నీ చేతిలో ఆ ముక్క పెట్టి ‘గిట్లనే రాసియ్యి’ అని ఎక్కేశాను. నిన్ను లోపలికి రానీయలేదు కాబట్టి అక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలి.

కొట్లాడాలనే పోయాను. పొద్దున మీ ఇంట్లో నిన్ను చూసి ఆ కోపం ఇంకా పెరిగింది. కండ్లు తెల్లగానే ఉన్నాయి గానీ మెడ ఎముకలు తేలి, మనిషివి సగమయ్యావు. జబ్బుతో కాదు, నా చీటీలతో అయ్యావని బిక్షమ్మ చెబితే సిగ్గేసింది. మిరప్పొడి డబ్బా నేనే దించి నీ పళ్లెంలో వేశాను కదా. తింటుంటే నీ కండ్లల్లో నీళ్లు వచ్చాయి. కారానికో దేనికో అడగలేదు.

నేను లోపలికి పోగానే అహ్మద్ అలీ సాబ్ లేచి నిలబడ్డాడు. ‘కూసో బెహన్’ అని కుర్చీ చూపించాడు. సర్కారు కుర్చీ నాకెప్పుడూ ఎవరూ వేయలేదు. కూర్చున్న తర్వాత కొట్లాడటం కుదరలేదు.

‘ఎందుకు ముప్పై రోజులు రాయించినవు?’ అని అడిగాడు. మెల్లగానే అడిగాడు.

నీకు చెప్పని సంగతి ఆయనకు చెప్పాను. నువ్వు దవాఖానలో చేరిన మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా నీకు తెలివి లేదు. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. గిచ్చితే కదలలేదు. డాక్టర్ సారు నన్ను పక్కకు పిలిచి ‘మీవాళ్లకు కబురు చేసుకో’ అన్నాడు. నేను చేయలేదు. కబురు చేస్తే అది నిజమవుతుందేమోనని భయమేసింది. బిక్షమ్మకు బాగానే ఉన్నాడని చెప్పించాను. ఏడో రోజు నువ్వు కండ్లు తెరిచి ‘అక్కా, కొలత ఎవరు చూస్తున్నరు?’ అన్నావు. ఆ మాటకే నేను ముప్పై రోజులు రాయించాను. ఒక్క రోజు కూడా తక్కువ కావద్దని.

ఆయన కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ‘నీ తమ్మునికి నయమైందని నాకు ఎర్కే బెహన్. రోజూ కిటికీల కనపడుతనే ఉన్నడు. కాగితానికి కూడ కనపడాలె గదా’ అన్నాడు.

నేను అడిగాను. ‘చేరేటప్పుడు వాడు ఏమని రాసియ్యాలె సాబ్?’

‘ఫలాన తారీఖు పొద్దున డ్యూటీల చేరిన అని.’

‘తారీఖెందుకు? సెలవు అయిపోయిన తెల్లారి పొద్దున చేరిన అని రాస్తే అబద్ధమైతదా?’

ఆయన నా వైపు చూశాడు. ‘అబద్ధం కాదు’ అన్నాడు. లేచి బీరువాలోంచి లావు పుస్తకం తీశాడు. గంటసేపు చదివాడు. నేను కదలలేదు. చివరికి వేలు పెట్టి చూపించాడు. చేరింది పొద్దునా మధ్యాహ్నమా అన్నది తప్పక రాయాలని ఉందట. తారీఖు రాయాలని లేదట. ‘ఎవడైన రాస్తడు గదా అని ఇడిసిపెట్టిన్రు’ అన్నాడు. అప్పుడే ఆ ముక్క రాసి నాకిచ్చాడు.

వచ్చేటప్పుడు నా మెమో సంగతి అడిగాను. ‘ఫైలుల నీ జవాబు అందింది అని రాస్త. ఏం జవాబో రాయ’ అన్నాడు.

ఈ జాబు అందేసరికి నువ్వు ఆ కాగితం ఇచ్చేసి ఉంటావు. ఏమైందో వెంటనే రాయి. తొందరలో నిన్ను నోటికొచ్చినట్టు రాశాను, మనసులో పెట్టుకోకు.

అక్క.


కొల్లాపూర్,
4-4-1988.

అక్కా,

నీ జాబు బిక్షమ్మకు చదివి వినిపించాను. నాకు తెలివి లేని సంగతి వచ్చేసరికి కాగితం ఆమె చేతికిచ్చాను. మిగతాది ఆమె కూడబలుక్కొని చదివింది. ఆ నాలుగు రోజులు నాకు ఏమీ గుర్తులేదు. నిద్రపోయి లేచాననుకున్నాను. సంజాయిషీ అని నీ పేరు ఆ కాగితంలోకి ఎక్కించినవాణ్ని నేనే. నా మీద చేయి చేసుకున్నా బాగుండేది. మిరప్పొడి వేసి పోయావు.

సోమవారం ఏం జరిగిందో చెబుతాను. నువ్వు చెప్పినట్టే ‘సెలవు ముగిసిన మరునాడు పొద్దున డ్యూటీలో చేరినాను’ అని రాసి కిటికీలోంచి ఇచ్చాను. సాబ్ బాగుందని తీసుకున్నాడు. రిజిస్టర్‌లో ఎక్కించబోయి ఆగిపోయాడు. వచ్చిన ప్రతి కాగితం మీద అందినట్టు ముద్ర పడాలి. ముద్రలో తారీఖు ఉంటుంది. మార్చి ఇరవై ఎనిమిది అని ముద్ర పడితే, నడుమ ఇరవై ఏడు రోజులు నేను ఏమైనట్టు? సెలవు లేదు, డ్యూటీ లేదు. నౌకరీ ఇడిసిపెట్టిపోయినట్టే లెక్క.

నేను ఊచలు పట్టుకొని నిలబడ్డాను. సాబ్ ముద్ర చేతిలోకి తీసుకొని చూస్తూ కూర్చున్నాడు. అది రబ్బరు ముద్ర అక్కా. తారీఖుకు ఒక చక్రం, నెలకు ఒక చక్రం, వేరువేరుగా తిరుగుతాయి. సాబ్ బొటనవేలితో ఒకదాన్ని తిప్పాడు. రెండోదాన్ని తిప్పాడు. చిత్తు కాగితం మీద ఒక్కసారి కొట్టి చూశాడు. 31 ఫిబ్రవరి 1988 అని పడింది. ఎంత చక్కగా పడిందో! చోటే మియా కూడా దగ్గరికి పెట్టుకొని చూసి ‘వాహ్’ అన్నాడు.

‘సైదులూ, ఫిబ్రవరి ముప్పై ఒకటి మార్చి ఒకటికి ముందా, తర్వాతనా?’

‘ముందే సాబ్.’

‘అయితే మార్చి అంత నువ్వు డ్యూటీల ఉన్నట్టు. ఉన్నవా లేవా?’

‘ఉన్న సాబ్. రోజూ రెండు పూటలు ఏట్ల దిగిన.’

‘నాకు ఎర్కే. చోటే మియా పైజామ ఒక్కనాడు కూడ తడవంగ నేను చూడలే’ అన్నాడు. నా కాగితం మీద ముద్ర కొట్టాడు. డాక్టర్ సారు సర్టిఫికెట్‌ను పక్కన పెట్టి చూశాడు. రెండూ అచ్చంగా కలిశాయి. ఫైలుకు తాడు కట్టి, లేచి వచ్చి ఆఫీసు తలుపు తెరిచి ‘లోపటికి రా’ అన్నాడు. అక్కా, నేను గడప దాటాను. నాకు నయమైనట్టు అప్పుడు అనిపించింది.

ముప్పై ఒకటి సాయంత్రం లిస్టు పోయింది. అందులో నా పేరు ఏడోది. సాబే రాశాడు. అదే ఆయన చివరి సంతకం. పూలదండ వేశారు.

మొన్న శనివారం పొద్దున నేను ఏట్లోకి దిగుతుంటే ఒడ్డు మీద సైకిల్ ఆగిన చప్పుడైంది. చోటే మియా అనుకున్నాను. చూస్తే అహ్మద్ అలీ సాబ్. తెల్లటి ఇస్త్రీ బట్టలు, చేతిలో టిఫిన్ డబ్బా. ఆఫీసుకు బయలుదేరినట్టే ఉన్నాడు. దారిలో గుర్తొచ్చి ఇటు తిప్పాడట. ఇంటికి వెనక్కు పోబుద్ధి కాలేదన్నాడు.

‘ముప్పై మూడేండ్లు కొలతలు ఎక్కించిన. ఆ రాయి ఎట్లుంటదో ఒక్కనాడు చూడలే’ అన్నాడు.

చెప్పులు విడిచి, పైజామా మోకాళ్ల దాకా మడిచి దిగాడు. బురద ఉంది, నేను చేయి పట్టుకున్నాను. రాయి దగ్గరికి పోయి దాని మీద అరచేయి పెట్టాడు. ‘నేను సదువుత, నువ్వు రాసుకో’ అన్నాడు. వంగి, కండ్లద్దాలు పైకి జరుపుకొని, ఆఫీసులో చదివినట్టు గట్టిగా చదివాడు.

ఒక అంకె తప్పు చదివాడు. నేను సరైనదే రాసుకున్నాను. ఆయనకు చెప్పలేదు.

నీ తమ్ముడు,
సైదులు.